నాలుగో బస్తా

"అత్తయ్యా, దబ్బనం కనపడలేదని చెప్పండి."

వీరలక్ష్మి ఆ మాట పొయ్యిలోకి చూస్తూ అంది. గోతాలు కుట్టే ఆ దబ్బనం ఆమె నడుం దగ్గర చీర మడతలోనే ఉంది.

చిలకమ్మ వసారాలో కూచుని చేటలో ఉలవలు చెరుగుతోంది. కోడలు వంటింట్లో, కొడుకు వాకిట్లో. నిన్న పొద్దుటినుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ ఆవిడ మీదుగానే వచ్చి పోతున్నాయి.

"కనపడలేదటరా బ్రహ్మం."

"మొన్నేగా దాంతో గోతాం కుట్టింది. ఎక్కడికి పోయిందో అడుగు."

"ఎక్కడికి పోయిందని అడుగుతున్నాడే."

"రేపీపాటికి గుర్రం ఎక్కడుంటుందో ముందు ఆయన్ని చెప్పమనండి. దబ్బనం సంగతి తర్వాత నేను చెప్తాను."

చిలకమ్మ ఆ మాట కొడుక్కి చేరవెయ్యలేదు. అవసరం లేకపోయింది. వాకిట్లో పార చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

బ్రహ్మయ్య కాలవగట్టు నుంచి తెచ్చిన ఇసుకని గోతాల్లోకి ఎత్తుతున్నాడు. మూడు నిండి గోడకి చేరబడి ఉన్నాయి. వాటి మూతులు కొబ్బరితాడుతో బిగించాడు. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి తాడు అయిపోయింది. అటూ ఇటూ చూసి, చూరుకి వేలాడుతున్న పాత పగ్గం ముక్క ఒకటి లాగి దాంతో కట్టాడు.

ఉగాది వెళ్ళిన మర్నాడు అది. ఏటా ఆ రోజే మధ్యాహ్నం మూడు గంటలకి జట్కాల పందెం.

చిలకమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో బందరు నుంచి గూడూరు దాకా ఇరవై జట్కాలు పరిగెత్తేవి. డబ్బు కాసినవాడు రోడ్డు పక్కన నిలబడి చూడటానికి వీల్లేదు. ఏ జట్కా మీద కాశాడో ఆ జట్కాలోనే కూచోవాలి. జట్కాకి నలుగురు. గుర్రంతోపాటు వాళ్ళ ఎముకలూ కదలాలి. గెలిచిన జట్కాకి, గుర్రం పక్కనుండే నొగ కొయ్యకి ఎర్ర ఉన్ని కుచ్చు కడతారు. ఆ ఏడంతా పెళ్ళికొడుకుల్ని ఊరేగించే బేరాలన్నీ కుచ్చున్న జట్కావే.

చిలకమ్మ మొగుడు ఆ కుచ్చు ఏడుసార్లు కట్టించుకున్నాడు. బ్రహ్మయ్య మూడేళ్ళుగా కట్టించుకుంటున్నాడు. కిందటేడు అయిదే జట్కాలు వచ్చాయి. ఈ ఏడు రెండు. కాసేవాళ్ళు ఎవరూ లేరు. నిన్న పొద్దున పందెం మానేద్దామని పెద్దమనుషులు అనుకుంటూ ఉంటే, గుడివాడ మిల్లు పిచ్చేశ్వరరావు నవ్వి, "డబ్బు లేకపోతే గుర్రాలున్నాయిగా. ఓడినవాడి గుర్రం గెలిచినవాడిది. ఏం బ్రహ్మయ్యా?" అన్నాడట.

బ్రహ్మయ్య సరేనన్నాడు. అన్నాక ఇంటికొచ్చి చెప్పాడు. అప్పటినుంచి వీరలక్ష్మి అతనితో మాట్లాడటం లేదు.

ఆమె కుడితి గిన్నె పట్టుకుని గుర్రం దగ్గరికి వెళ్ళింది.

గుర్రం పేరు చుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గోధుమరంగు ఆడగుర్రం. పన్నెండేళ్ళది. వీరలక్ష్మి దివిసీమ నుంచి కాపరానికి వచ్చిన ఏడే అదీ ఈ ఇంటికి వచ్చింది. రోజూ గిన్నె చూడగానే ముందుకు వచ్చేది, ఇవాళ రాలేదు. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడి ఉంది.

వీరలక్ష్మి గిన్నె కింద పెట్టింది. వంగి పొట్ట కింద చూసింది. తోలు పట్టీ ఒరుసుకునే చోట జానెడు పొడుగున చర్మం లేచిపోయి, ఎర్రగా చెమరుస్తోంది.

నిన్న సాయంత్రం ఈ గుర్రాన్ని కడిగింది తనే. అప్పుడు ఈ పుండు లేదు.

వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏమండీ."

బ్రహ్మయ్య తలెత్తాడు. వసారాలో చేట చప్పుడు ఆగింది.

"తెల్లారగట్ట చుక్కని ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"నీళ్ళకి."

"జట్కా కట్టుకుని వెళ్ళారా నీళ్ళకి?"

అతను పార గోడకి ఆనించాడు. చేతులు దులుపుకున్నాడు.

"ఇసుక వేసుకుని గూడూరు రోడ్డు వంతెన ఎక్కించారు. కదూ?"

"ఒకసారి చూద్దామని."

"ఏమైంది?"

"ఏముంది. కొంచెం వెనక్కి మొగ్గింది. సర్దుకుంది."

"అదే సర్దుకుందా, మీరు దిగి నొగలు పట్టుకున్నారా?"

బ్రహ్మయ్య ఇసుక కేసి చూశాడు.

"దిగాను."

"పందెంలో దిగొచ్చా?"

"దిగకూడదు."

జట్కా తోలేవాళ్ళ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండు చక్రాల బండి అది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది. నొగలు పైకి లేస్తాయి. పొట్ట కింది పట్టీ గుర్రాన్ని నేలమీంచి ఎత్తేస్తుంది. అందుకే జట్కావాడు "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటూ ఉంటాడు. మనుషులైతే జరుగుతారు. ఒంగుతారు. బస్తాలు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉంటాయి, లేకపోతే వెనక్కి జారతాయి.

"తాళ్ళతో ముందుకి కట్టేస్తాను," అన్నాడు బ్రహ్మయ్య.

"వంతెన దిగేటప్పుడో? అప్పుడు వెనక్కి జరగద్దూ బరువు? దాని మెడ మీద పడితే?"

"నలుగురు మనుషులు దొరికితే నేనెందుకు ఇసుక మోస్తాను? ఎవడెక్కుతానన్నాడు? పది రోజులు తిరిగాను. పందెం నడిపే కాంతారావు ఏమన్నాడో తెలుసా? మనుషులు దొరక్కపోతే మనిషికి అయిదు మణుగుల బస్తా చొప్పున వేసుకోమన్నాడు. రూలు మార్చాడు, నా కోసం."

"పందెం మానేస్తే?"

"మాటిచ్చాను."

"మాట తిరిగి తీసుకుంటే ఏమవుతుంది? నలుగురు నవ్వుతారు. నవ్వటానికైనా నలుగురున్నారా మీ పందేనికి?"

చిలకమ్మ, "లక్ష్మీ," అంది మెల్లిగా.

బ్రహ్మయ్య నవ్వబోయాడు. కుదరలేదు.

"లేరు. అదే నేనూ అంటున్నది. పందెం ఆగిపోతే కుచ్చు లేదు. కుచ్చు లేకపోతే నాది పాత జట్కా. బస్సు తప్పిపోయినవాడు ఎక్కే బండి. మొన్న పెళ్ళివాళ్ళు వచ్చి ఏమన్నారు? కారు దొరకలేదు కాబట్టి నీ దగ్గరికి వచ్చాం అన్నారు. నా మొహం మీదే అన్నారు."

"రెండో గుర్రం వస్తే కారవుతుందా? ఉన్న ఒక్కదానికే ఉలవలు కొలిచి పెడుతున్నాం."

"గెలిస్తే జనం మళ్ళీ వస్తారు."

"పోతే?"

పిచ్చేశ్వరరావు లారీ కొంటున్నాడనీ, గుర్రం అతనికి అక్కర్లేదనీ, గెలిచిన గుర్రాన్ని మర్నాడే సంతకి తోలేస్తాడనీ ముగ్గురికీ తెలుసు.

వీరలక్ష్మి లోపలికి వెళ్ళి చెంగు సర్దుకుని వచ్చింది.

"అత్తయ్యా, అన్నం వార్చేశాను. ఆయనకి పెట్టండి. నేను వీధిలోకి వెళ్ళి వస్తాను."

"ఎక్కడికే?"

"మనుషుల కోసం."

* * *

కాంతారావుది కోనేరు దగ్గర సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు. పందెం నడిపే బాధ్యత అతని తండ్రిది. తండ్రి పోయాక, కాటా రాళ్ళతోపాటు అది కూడా ఇతనికి వచ్చింది.

వీరలక్ష్మి వెళ్ళేసరికి కొట్టులో ఆరుగురు మగవాళ్ళు ఒకే పేపరు మీదికి ఒంగి ఉన్నారు. మద్రాసులో పరిగెత్తే గుర్రాల పేర్లు అందులో అచ్చయ్యాయి. ఎవరికి నచ్చిన పేరు పక్కన వాళ్ళు పెన్సిల్తో గీత గీస్తున్నారు.

"రా వదినా," అన్నాడు కాంతారావు. "బ్రహ్మయ్య బస్తాలు తయారేనా? కాటా వేసి ముద్ర వెయ్యాలి."

"బస్తాలు వద్దండి. మనుషులు కావాలి. నలుగురు చాలు. డబ్బు కాయక్కర్లేదు, ఊరికే కూచుంటే చాలు."

పేపరు మీంచి ఎవరూ తలెత్తలేదు. వినలేదని కాదు.

"ఈశ్వరప్రసాద్ గారూ, మీరు కిందటేడు మా జట్కాలోనే కూచున్నారు."

ఈశ్వరప్రసాద్ గుమాస్తా. నవ్వుమొహం మనిషి. "కూచున్నానమ్మా. అప్పుడు పట్టిన నడుం శివరాత్రికి వదిలింది. మా ఆవిడ వేణ్ణీళ్ళు పెట్టలేక చచ్చింది."

"నాంచారయ్య మావయ్యా?"

"మూడు గంటల ఆటకి టిక్కెట్టు తీశానమ్మాయ్. కొత్త సినిమా. తప్పిపోతే మళ్ళీ ఆదివారం దాకా దొరకదు."

"ఇంతమంది గుర్రాల మీద కాస్తున్నారు కదా. ఇక్కడ గుర్రం ఉంది. చూడొచ్చు, ముట్టుకోవచ్చు. అదేం పాపం చేసింది?"

కాంతారావు పేపరు మడిచాడు. మంచివాడే. అబద్ధం చెప్పటం చేతకాదు.

"చూడొచ్చు కాబట్టే వదినా. చూస్తే ఏముంది? రెండు గుర్రాలు. రెండూ మాకు తెలుసు. ఒకటి మా పిల్లల్ని బడికి దింపేదే, ఇంకోటి మిల్లు సరుకు తెచ్చేదే. అక్కడ పన్నెండు పరిగెడతాయి. మేం చూడలేదు, చూడబోం. ఏ పేరు గెలుస్తుందో రేపు పేపర్లో వస్తుంది. రాత్రంతా ఆశ ఉంటుంది. మీ పందెంలో ఏముంటుంది? దుమ్ము. నడుంనొప్పి."

"మీరెందుకు నడుపుతున్నారు మరి?"

"మా నాన్న నడిపాడని. ఇదే ఆఖరు. వచ్చే ఏడు నేనూ నడపను."

ఆమె మెట్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"గూడూరులో మీరే ఉంటారా, తీర్పు చెప్పటానికి?"

"ఉంటాను. రెండున్నర బస్సుకి వెళ్తాను."

"బస్సులోనా?"

కాంతారావు నవ్వాడు. మిగతా ఆరుగురూ నవ్వారు. "మరి మీ గుర్రాలకంటే ముందు చేరాలిగా వదినా."

ఆమె నవ్వలేదు. వాళ్ళ నవ్వు ఆగేదాకా ఉండి, మెట్టు దిగి వెళ్ళిపోయింది.

ఇంకో నాలుగు చోట్ల అడిగింది. జట్కా స్టాండులో ముసలి తోలరి ఒకడు, "ఎక్కుదును తల్లీ, కానీ ఎక్కితే దిగలేను," అన్నాడు. మిగిలినవాళ్ళకి బేరాలున్నాయి, లేకపోతే ఉన్నాయని చెప్పారు.

ఆఖరికి గఫార్ కొట్టు దగ్గర ఆగింది.

అబ్దుల్ గఫార్ గుర్రాలకి నాడాలు కొడతాడు. బ్రహ్మయ్య తండ్రి బతికున్న రోజుల్లో గెలిచిన ఏడు పందేలకీ ఆ జట్కాలో ముందు కూచున్నది అతనే. బ్రహ్మయ్యకి పగ్గం పట్టుకోవడం నేర్పింది కూడా అతనే. అయితే ఇవాళ పిచ్చేశ్వరరావు జట్కా తోలేది గఫార్ కొడుకు బషీర్. నెల జీతానికి గుడివాడ వెళ్ళిపోయిన దగ్గర్నించి తండ్రీ కొడుకులకి మాటల్లేవు.

"గఫార్ మావయ్యా."

అతను కొలిమి దగ్గర్నుంచి కదల్లేదు. నాడా ఒకటి నీళ్ళలో ముంచాడు. చుయ్యిమంది.

"తెల్లారగట్ట బ్రహ్మయ్యని వంతెన మీద చూశాను," అన్నాడు. "నమాజుకి వెళ్తూ చూశాను. గుర్రం ముందుకాళ్ళు రెండూ నేలమీద లేవు. వాడు నొగలు పట్టుకుని వేలాడుతున్నాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి దింపేశాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు."

"మీరు ఎక్కండి మావయ్యా. మీరు ముందుంటే చాలు."

అతను కొలిమిలో బొగ్గులు సర్దాడు. సర్దినవాటినే మళ్ళీ సర్దాడు.

"ఎదర వాడుంటాడు బేటీ. వాడు ఓడిపోతుంటే మీ బండిలోంచి చూడాలి. గెలిస్తే మీ గుర్రం పోవటం చూడాలి. రెండూ నా వల్ల కావు. నేను రాను."

ఆమె తలూపింది. ఆయన చెప్పినదాంట్లో కాదనటానికి ఏమీ కనపడలేదు.

* * *

మూడు గంటలకి గూడూరు రోడ్డు మొదట్లో ముప్ఫై మంది కూడా లేరు. సగంమంది బస్సు కోసం నిలబడ్డవాళ్ళు.

పిచ్చేశ్వరరావు తెల్ల పంచెతో, చేతిలో గొడుగుతో చెట్టునీడలో ఉన్నాడు. అతని జట్కాలో నలుగురు మిల్లు కూలీలు కూచున్నారు. ఇవాళ బస్తాలు మొయ్యక్కర్లేదని వాళ్ళకి సంబరంగా ఉంది. వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ముందు బషీర్ పగ్గాలు చుట్టుకుని గుర్రం చెవుల మధ్యకే చూస్తున్నాడు.

బ్రహ్మయ్య జట్కాలో నాలుగు బస్తాలు ఉన్నాయి. నాలుగింటి మీదా కాంతారావు వేసిన సున్నం ముద్రలు ఉన్నాయి. కాంతారావు బస్సెక్కే ముందు అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళాడు. తోలేవాడు దిగకూడదు. ఎక్కినవాళ్ళు దిగకూడదు. గూడూరు సత్రం ముందు కాటా ఉంటుంది. బస్తా అయిదు మణుగులు తూగాలి. తూగకపోతే ముందొచ్చినా ఓడినట్టే.

వీరలక్ష్మి, చిలకమ్మ రోడ్డు పక్కన నిలబడ్డారు. అత్తగారికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే గానీ చూపు ఆనటం లేదు.

"ఎవరూ రాలేదా?" అని అడిగాడు బ్రహ్మయ్య, తల్లిని చూస్తూ. అడిగింది భార్యని.

"రాలేదని చెప్పండి," అంది వీరలక్ష్మి.

అప్పుడు వచ్చాడు గఫార్. తలకి గుడ్డ చుట్టుకుని, మెల్లిగా, ఎవరినీ చూడకుండా నడిచి వచ్చాడు. తిన్నగా జట్కా దగ్గరికి వెళ్ళి ముందున్న బస్తా మీద చెయ్యి వేశాడు.

"ఇది దింపు."

"మావయ్యా, ఎదర బషీర్ ఉన్నాడు."

"చూశాను. కళ్ళు ఇంకా పోలేదు. దింపరా."

బస్తా కిందికి దిగింది. గఫార్ దాని చోట్లో కూచున్నాడు. అవతల జట్కాలో బషీర్ ఇటు తిరగలేదు. అతని మెడ మాత్రం బిగుసుకుంది.

వీరలక్ష్మి చూస్తూ ఉంది. ఒక మనిషి, మూడు బస్తాలు. వంతెన మీద చుక్క ముందుకాళ్ళు గాల్లో ఉండటం ఆమెకి కనిపిస్తోంది, చూడకపోయినా.

ఆమె రోడ్డు దాటింది.

"ఇంకోటి దింపండి."

బ్రహ్మయ్యకి ముందు అర్థం కాలేదు. "ఎవరున్నారు?"

"నేను."

బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చేశ్వరరావు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆడవాళ్ళు ఎక్కచ్చా?" అన్నాడు కూలీల్లో ఒకడు.

"ఎక్కకూడదని ఎవరన్నారు?" అంది చిలకమ్మ. ఆవిడ కూడా రోడ్డు దాటి వచ్చేసింది. "నలుగురు మనుషులన్నారు. నలుగురు మగవాళ్ళనలేదు. నన్ను ఎక్కించు లక్ష్మీ. ఇంకోటి కూడా దింపరా బ్రహ్మం."

"నీ నడుం విరుగుతుందే అమ్మా."

"విరిగితే విరగనీ. మీ నాన్న పొద్దున్నే గుర్రాన్ని అలవాటు చెయ్యటానికి నన్ను కూచోబెట్టుకుని ఎన్నిసార్లు ఎక్కించాడు ఈ వంతెన. ఎప్పుడు ఒంగాలో ఈ గఫార్ కంటే నాకే బాగా తెలుసు."

పిచ్చేశ్వరరావు నవ్వాడు. "ఎక్కనీవయ్యా. రేపటినుంచి ఎలాగూ నడవాలి కదా వాళ్ళు."

వీరలక్ష్మి అత్తగారిని పైకెక్కించి తనూ ఎక్కింది.

మూడు బస్తాలు రోడ్డు పక్కన ఉన్నాయి. ఒక్కటి మిగిలింది. బ్రహ్మయ్య చుట్టూ చూశాడు. వీరలక్ష్మి కూడా చూసింది. బస్సు కోసం వచ్చినవాళ్ళు అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు గూడూరు వైపు తిరిగి, రాని బస్సుని చూడసాగారు.

పగ్గం ముక్కతో కట్టిన ఆఖరి బస్తా, ముందు చోటు లేక, అలాగే ఉండిపోయింది. జట్కాలో అన్నిటికంటే వెనక, వీరలక్ష్మి పక్కన.

* * *

మొదటి మైలంతా బషీర్ జట్కా ముందుంది. దాని దుమ్ములో వీళ్ళకి ఏమీ కనపడలేదు.

బ్రహ్మయ్య కొరడా తియ్యలేదు. నాలుకతో చప్పుడు చేస్తూ, అప్పుడప్పుడు "చుక్కా, చుక్కా," అంటున్నాడు. గఫార్ ముందుకి ఒంగి గుర్రం కాళ్ళ చప్పుడు వింటున్నాడు. చిలకమ్మ ఒక చేత్తో ఊచ పట్టుకుని, ఇంకో చేత్తో కోడలి చెయ్యి పట్టుకుంది.

రోడ్డు పక్క చేలు కోసేసి ఉన్నాయి. మడుల్లో ఎవరూ లేరు. ఎవరో ఒకరు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతారని వీరలక్ష్మి అనుకుంది. ఒక మనిషి సైకిలు మీద ఎదురొచ్చి, పక్కకి తప్పుకుని, విసుగ్గా మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. పందెమని అతనికి తెలియలేదు.

వంతెన కనపడింది.

బషీర్ జట్కా అప్పటికే ఏటవాలు సగం ఎక్కింది. అతని కేకలు ఇక్కడికి వినపడుతున్నాయి. "జరగండి, ముందుకు జరగండయ్యా." మిల్లు కూలీలకి ఎటు జరగాలో తెలియలేదు. ఒకడు ముందుకి జరిగితే ఇంకొకడు భయపడి వెనక ఊచ పట్టుకున్నాడు. జట్కా వెనక్కి మొగ్గింది. గుర్రం నిలబడిపోయింది.

"అట్లా కాదురా బషీర్," అన్నాడు గఫార్ తనలో తను. "కుడివైపు, కుడివైపు లాగు." అని, నోరు చేత్తో మూసుకున్నాడు.

చుక్క ఏటవాలు మీద కాలు పెట్టింది.

"ముందుకు జరగండి," అన్నాడు బ్రహ్మయ్య. వెనక్కి తిరిగి, కళ్ళలోకి చూసి అన్నాడు. "ముందుకు జరుగు, లక్ష్మీ."

రెండు రోజుల తర్వాత అతను పేరు పెట్టి పిలవటం అదే.

ముగ్గురూ ఒంగారు. చిలకమ్మ, "ఇప్పుడు కాదు, ఇప్పుడు," అంటూ లెక్క చెప్పింది. నొగలు లేవబోయి ఆగాయి. బషీర్ జట్కా పక్కనుంచి వీళ్ళది కదిలింది. తండ్రీ కొడుకుల మధ్య చెయ్యి చాచినంత దూరం ఉంది. ఎవరూ తల తిప్పలేదు.

వాళ్ళని దాటేశారు.

"దాటాం," అంది చిలకమ్మ. "దాటాం కదట్రా?"

వీరలక్ష్మికి ఆ క్షణంలో నిజంగానే ఇంటి వాకిలి కనపడింది. కట్టుకొయ్య దగ్గర చుక్క, దాని ముందు కుడితి గిన్నె.

అప్పుడే గుర్రం తూలింది.

వెనక బస్తా జారి తలుపు చెక్కకి కొట్టుకుంది. నొగలు ఒక్కసారి లేచాయి. పుండు మీద పట్టీ బిగిసి, చుక్క గొంతులోంచి వీరలక్ష్మి ఎప్పుడూ వినని చప్పుడు వచ్చింది.

"బరువు, వెనక బరువు," అన్నాడు గఫార్. "ఇంకో పది అడుగులు. ఒంగండి."

ఒంగటానికి ఇంకేమీ మిగల్లేదు. చిలకమ్మ నుదురు ముందు చెక్కకి తగిలి ఉంది.

ఉన్నట్టుండి నొగలు కొంచెం దిగాయి. గుర్రం ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. వీరలక్ష్మి అరికాలికి వెచ్చగా ఏదో తగిలింది. వెనక్కి చూసింది.

పాత పగ్గం ముడి వదులైపోయింది. బస్తా మూతిలోంచి ఇసుక సన్నటి ధారగా తలుపు చెక్క మీదుగా రోడ్డు మీదికి పోతోంది. ఎక్కి వచ్చిన దారిలో పసుపుపచ్చ గీత పడింది.

బరువు తగ్గుతోంది. అందుకే చుక్క నడుస్తోంది.

గూడూరులో కాటా ఉంది.

దబ్బనం ఆమె నడుంలో గుచ్చుకుంది. పొద్దున అడిగినప్పుడు ఇచ్చి ఉంటే ఆ మూతి కుట్టేసి ఉండేది. ఇప్పుడు తాడూ లేదు, కుట్టే వ్యవధీ లేదు. ఉన్నది చెయ్యి ఒక్కటే. మూతి పిసికి పట్టుకుంటే ఇసుక ఆగుతుంది. ఆగితే ఆ మిగిలిన పది అడుగులూ ఈ గుర్రం ఎక్కలేకపోతుంది. వదిలేస్తే ఎక్కుతుంది. ఎక్కి, దిగి, గూడూరు ముందుగా చేరి, అక్కడ బస్తా తూగక ఇంకొకరిదైపోతుంది.

బ్రహ్మయ్య వెనక్కి చూడలేదు. అతని వీపు నిటారుగా ఉంది. గెలుస్తున్నవాడి వీపు.

గఫార్ చూశాడు. ఇసుకని చూశాడు, ఆమెని చూశాడు. మళ్ళీ గుర్రం వైపు తిరిగిపోయాడు.

వీరలక్ష్మి చెయ్యి చాపింది. వేళ్ళ సందుల్లోంచి ఇసుక వెచ్చగా జారుతోంది. పిడికిలి ఇంకా బిగించలేదు.

వంతెన అవతల ఎక్కడో, గూడూరు నుంచి తిరిగొస్తున్న బస్సు హారను మోగింది.